రంగు డబ్బా కొనేముందు ఒకసారి మేడెక్కి చూడండి

శ్రీకాకుళంలో జీటీ రోడ్డు పక్క సందులో మాది హార్డ్‌వేర్ కొట్టు. నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పెళ్లిళ్ల సీజన్‌కి ముందు, దసరాకి ముందు, సంక్రాంతికి ముందు రంగులకి గిరాకీ బాగుంటుంది. అయినా రంగు కోసం వచ్చినవాళ్లలో కొందరిని ఉత్త చేతులతో వెనక్కి పంపుతాను. గోడ ఫోటో చూపించగానే సంగతి అర్థమైపోతుంది. కింద అడుగు మేర ఉప్పు పూసి ఉంటుంది, లేదా సీలింగు మీద పసుపు మరక గుండ్రంగా పాకి ఉంటుంది. "ముందు ఆ నీరు ఎటునుంచి వస్తోందో చూసి రండి, రంగు ఎక్కడికీ పోదు" అంటాను. కొందరికి కోపం వస్తుంది. పక్క కొట్లో కొనుక్కుని వెళ్లిపోతారు. రెండేళ్లు తిరక్కుండా అదే గోడకి మళ్లీ రంగు కావాలని వస్తారు. వాళ్ల డబ్బు అలా పోవడం చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మన జిల్లాకి ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఒక పక్కంతా సముద్రమే. జూన్‌లో మొదలైన తేమ అక్టోబరు తుపాన్లు దాటేదాకా వదలదు. వాన లేని మే నెలలో కూడా ఉక్కపోతకి దండెం మీద బట్టలు ఆరవు. ఇలాంటి చోట ఇంటి రిపేర్లకి "వచ్చే ఏడాది చూద్దాం" అనే మాట పనికిరాదు. పొడి ఊళ్లలో ఒక ఏడాది ఆగినా అలాగే ఉండే పని, ఇక్కడ ఒక్క వర్షాకాలం గడిస్తే వేరే పని అయిపోతుంది. మరక పెచ్చవుతుంది. పెచ్చు వెనక చువ్వ బయటపడుతుంది.

కిందటి వేసవిలో గార మండలం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. సంచిలోంచి పేపరు పొట్లం తీసి కౌంటరు మీద పెట్టి విప్పింది. లోపల అరచేయంత కాంక్రీటు పెచ్చు ఉంది, బొటనవేలి మందం. ఒక వైపు రంగుల పొరలు. పైన లేత నీలం, దాని కింద క్రీము, అడుగున తెల్ల సున్నం. ఇల్లు కట్టిన నాటి నుంచి ఎన్ని పండగలకి రంగు వేశారో ఆ అంచులో కనిపిస్తోంది. వెనక్కి తిప్పాను. మధ్యలో తిన్నగా ఒక గాడి ఉంది. గాడి నిండా ఎర్రమట్టి లాంటి పొడి. వేలు పెట్టి రాస్తే వేలంతా తుప్పు అంటుకుంది.

"సీలింగు నుంచి రాలిపడతంది బాబూ. మొన్న మంచం పక్కనే పడింది. దీనికి ఏ లప్పం ఎయ్యాల?" అని అడిగింది.

"దీనికి లప్పం కాదమ్మా. ఇదిగో ఈ గాడి చూడు, శ్లాబులో చువ్వ అచ్చు ఇది. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బి దీన్ని బయటికి తోసేసింది. ముందు మంచం ఆ గదిలోంచి తీసెయ్" అన్నాను.

ఇది ఎలా జరుగుతుందో ఇల్లున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. మంచి కాంక్రీటులో ఉన్నంతకాలం ఇనుముకి తుప్పు పట్టదు. సిమెంటుకున్న క్షారగుణం వల్ల చువ్వ చుట్టూ సన్నటి పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. ఉప్పు లోపలికి చేరితే ఆ పొర చెడిపోతుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు బోరు నీళ్లతో కాంక్రీటు కలిపినా, కడగని సముద్రపు ఇసుక వాడినా, కట్టిన రోజు నుంచే ఉప్పు లోపల ఉంటుంది. కలిపే నీటిలో లీటరుకి 500 మిల్లీగ్రాములకి మించి క్లోరైడు (ఉప్పులో ఉండేది) ఉంటే చువ్వలు వేసే కాంక్రీటుకి పనికిరాదని, కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. పైనుంచి వాన నీరు కూడా దిగితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. తుప్పుగా మారిన ఇనుము మామూలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపల చోటు లేదు కాబట్టి కాంక్రీటునే పగలగొట్టుకుని బయటికి వస్తుంది. చువ్వ కింద కాంక్రీటు మందం తక్కువైన చోట ముందుగా ఊడుతుంది. ఆ మందాన్నే కవరు అంటారు. మామూలు ప్రాంతాల్లో 20 మిల్లీమీటర్ల కవరు చాలనే అదే ప్రమాణం, సముద్ర తీరంలో 45 ఉండాలంటుంది. పాత శ్లాబుల్లో అంత మందం నేను చూసింది చాలా తక్కువ.

పెచ్చు ఊడకముందే తెలుసుకోవచ్చు. చువ్వ వరసనే తిన్నగా సన్నటి పగులు వస్తుంది, పగులు వెంట గోధుమ రంగు మరక దిగుతుంది. సుత్తి కర్రతో సీలింగుని మెల్లగా తడుతూ పోతే బాగున్న చోట గట్టిగా, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. తట్టేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడకండి.

రిపేరు అంటే చాలామంది మేస్త్రీలు కనిపిస్తున్న తుప్పు చువ్వ మీదే సిమెంటు మాలు కొట్టి, పైన లప్పం పెట్టి, నున్నగా చేసి ఇచ్చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. లోపల తుప్పు దాని పని అది చేసుకుంటూ పోతుంది, మళ్లీ ఊడుతుంది. అసలు పని వేరు. వదులైన కాంక్రీటంతా కొట్టేయాలి. చువ్వ వెనక వేలు పట్టేంత సందు వచ్చేదాకా తియ్యాలి. చువ్వని వైరు బ్రష్‌తో తెల్లటి ఇనుము మెరిసేదాకా రుద్దాలి. బాగా సన్నబడి ఉంటే పక్కనే కొత్త చువ్వ కట్టాలి. తర్వాత జింకు ప్రైమరు, దాని మీద పాత కాంక్రీటుని కొత్తది పట్టుకునేలా బాండింగ్ కోటు, ఆపైన పాలిమర్ కలిపిన మాలు పొరలు పొరలుగా. చివరిగా మంచినీళ్లతో తడపడం. ఇందులో ఏ మెట్టు ఎగ్గొట్టినా కూలి డబ్బులు వృథా. ఊడుతున్నది శ్లాబు కాకుండా బీము గానీ పిల్లరు గానీ అయితే మేస్త్రితో సరిపెట్టుకోకండి. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించాకే సుత్తి ముట్టుకోనివ్వండి. కొట్టేముందు పై బరువు మోయడానికి కింద జాకీలు పెట్టాలో లేదో ఆయనే చెప్పాలి.

ఈ మధ్య ఇంకో అలవాటు పెరిగింది. పెచ్చులూడే సీలింగు కింద ఫాల్స్ సీలింగు పెట్టించేస్తున్నారు. లైట్లు, డిజైన్లు అన్నీ బాగానే ఉంటాయి. కానీ పైన ఏం జరుగుతోందో ఇక ఎవరికీ కనబడదు. ఊడిన పెచ్చులు ఆ పలకల మీద పోగుపడి, బరువు మోయలేక అంతా కలిసి ఒకేసారి మీద పడతాయి. పిల్లలు పడుకునే గదిలో అలాంటి పని చేయించకండి, చేతులెత్తి అడుగుతున్నాను.

ఇక ఆ నీరు దిగేది ఎక్కడి నుంచి? పదిళ్లలో తొమ్మిదింటికి మేడ మీద నుంచే అనిపిస్తుంది నాకు. వాన వెలిసిన గంట తర్వాత మీరే మేడెక్కి చూడండి. ఎక్కడ నీళ్లు నిలిచాయో సుద్దముక్కతో చుట్టూ గీత గీయండి. కిందికి దిగి మరకలున్న చోటుతో పోల్చుకోండి. నీళ్లు గొట్టం వైపు పోవాలంటే 100 అడుగులకి ఒక అడుగు చొప్పునైనా వాలు ఉండాలి. వాలు ఉన్నా వాన గొట్టం మూతి దగ్గర కొబ్బరి పీచు, వేపాకు, గాలిపటం ముక్క అడ్డుపడితే మేడ చెరువైపోతుంది. జాలి మూత పెట్టి, మే నెలాఖరులో ఒకసారి, ఆ తర్వాత పెద్ద వాన కురిసినప్పుడల్లా చేత్తో తీసేయడానికి ఖర్చేమీ లేదు.

పిట్టగోడా శ్లాబూ కలిసే మూల మీద కూడా కన్నేసి ఉంచాలి. ఎండకి శ్లాబు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ కదలికకి మూల దగ్గర సన్నగా విడిపోతుంది. అక్కడ మాలుని గుండ్రంగా తిప్పి, దాని మీద వాటర్‌ప్రూఫ్ పూతని గోడ మీదికి అడుగు ఎత్తు ఎక్కించాలి. పూత వేసే రోజుకి శ్లాబు పూర్తిగా ఆరి ఉండాలి. తడి మీద వేసిన పూత బుడగలు కట్టి ఊడిపోతుంది, అప్పుడు తప్పంతా డబ్బాదే అంటారు. పాచి పట్టిన చోట కూడా ముందు గీకి, కడిగి, ఆరబెట్టాకే వేయాలి.

రావి మొక్క సంగతి కూడా చెప్పాలి. పిట్టగోడ పగులులో, సన్‌షేడ్ మీద, వాన గొట్టం పక్కన పిట్టలు వేసిన గింజ మొలుస్తుంది. రావి చెట్టు కదా, పీకితే పాపమని మన ఇళ్లల్లో ఎవరూ ముట్టుకోరు. మా అమ్మ కూడా ముట్టుకోనివ్వదు. కానీ ఆ వేళ్లు పగులులోకి దిగి, లావెక్కి, గోడని చీల్చేస్తాయి. పైన తుంచేస్తే లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే గోడ తడిసిన రోజు చూసి, చుట్టూ కొంచెం మాలు గీకి, వేరుతో సహా తీసి చెరువు గట్టు మీదో గుడి దగ్గర ఖాళీ జాగాలోనో నాటితే సరిపోతుంది. మా ఇంటి మేడ మీద మొలిచిన మొక్కకి అమ్మ ఒప్పుకున్న దారి ఇదే. పసుపు కుంకుమ పెట్టి మరీ సాగనంపింది.

కరెంటు విషయం కొద్దిగానే రాస్తాను, కానీ అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. వానాకాలంలో స్విచ్చు మీద చేయి పెడితే జుమ్మంటోందన్నా, గోడ ముట్టుకుంటే ఝల్లుమంటోందన్నా, ఆ రోజే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గోడలో పైపులోకి చెమ్మ దిగి పాత వైరు తొడుగు చెడిపోయి ఉంటుంది. వాన పడితే ఆర్‌సీసీబీ (లీకు రాగానే కరెంటు ఆపేసే స్విచ్చు) పదేపదే ట్రిప్ అవుతోందని దాన్ని తీసేయించి డైరెక్టు చేయించినవాళ్లు నాకు తెలుసు. అది పడిపోతోందంటే కరెంటు ఎక్కడో గోడలోకో నీళ్లలోకో కారుతోందని అర్థం. 30 మిల్లీఆంపియర్ల లీకు రాగానే ఆపేసేలా మనుషుల ప్రాణం కోసమే దాన్ని చేశారు. చెడిపోయిన వైరు మార్చండి, దాన్ని మాత్రం ఉండనివ్వండి. ఎర్త్ గుంత కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఇల్లు కట్టిన రోజు తర్వాత దాని మొహం చూసినవాళ్లు అరుదు.

బాత్రూము గోడకి అవతలి పక్క గదిలో రంగు ఉబ్బితే చాలామంది ఆ గదిలోనే గోడ గీకిస్తారు. అసలు జబ్బు ఇటువైపు ఉంటుంది. టైల్సు మధ్య తెల్ల సిమెంటు ఊడిపోయి ఉంటుంది, లేదా గచ్చు మీది నీళ్లు పోయే నానీ ట్రాప్ చుట్టూ సందు పడి ఉంటుంది. ట్రాపు మూసేసి, గచ్చు మీద రెండంగుళాల నీళ్లు నింపి, గోడకి గుర్తు పెట్టి, ఒక పగలూ రాత్రీ వదిలేయండి. గుర్తు దిగితే గచ్చులో లీకు. దిగకుండా మరక మాత్రం పెరుగుతుంటే గోడలో పైపు. ఇది తేలకుండా టైల్సు పగలగొట్టనివ్వకండి. సందుల వరకే అయితే ఎపాక్సీ గ్రౌటుతో పని అయిపోతుంది. తలుపు సంగతి కూడా అంతే. బాత్రూము ద్వారబంధం కింద రెండంగుళాలు మెత్తబడితే అక్కడితో ఆగదు, చెమ్మ చెక్కలో పైకి పాకుతుంది. ఆ ముక్క వరకు కోసి అడుగున రాయి గానీ గ్రానైటు ముక్క గానీ పెట్టిస్తే మిగతా బంధం దక్కుతుంది. ఒకటి రెండు వానాకాలాలు ఆగితే మొత్తం మార్చాల్సిందే.

చెదలు. గోడ మీద పెన్సిలు మందాన మట్టి దారి కనబడగానే చీపురుతో దులిపేసి ఊరుకుంటారు. పుట్ట నేలలో ఉంటుంది, దారి ఇంకో చోట లేస్తుంది. గోడ వెంట గచ్చుకి వరసగా రంధ్రాలు వేసి చెదల మందు పట్టించడం పనిచేసే పద్ధతి. దాన్ని తెలిసినవాళ్ల చేతే చేయించాలి, బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే ముందే చెప్పాలి.

పాత పెంకుటిళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనుంది. అమ్మ ఉంటున్నది అలాంటి ఇంట్లోనే, దాని పక్కన మేము డాబా వేసుకున్నాం. ఆ పాత గోడలు సున్నంతో కట్టినవి. నేలలోంచి చెమ్మ పైకెక్కినా సున్నం దాన్ని మెల్లగా గాలికి వదిలేస్తుంది. కింద రాలుతోందని దానికి సిమెంటు పూత కొట్టించి, పైన ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మకి బయటికి దారి ఉండదు. ఇంకా పైకెక్కి, పూత ఆగిపోయిన చోటికి పైన ఉప్పు పూస్తుంది. మూడడుగుల దాకా టైల్సు అంటించిన ఇళ్లల్లో నాలుగో అడుగు దగ్గర గోడ రాలేది ఇందుకే. సున్నం గోడకి సున్నమే వేయించండి. ఇంటి చుట్టూ నేల ఎత్తు కూడా చూసుకోవాలి. ఏళ్ల తరబడి రోడ్డు మీద రోడ్డు వేసి, వాకిట్లో మట్టి మీద మట్టి పోసి, అరుగు పూడుకుపోయి ఉంటుంది. మట్టి లాగేసి, నీళ్లు గోడకి దూరంగా పోయేలా వాలు కడితే, లోపల ఏ మందూ పూయకుండానే చెమ్మ తగ్గడం నేను కళ్లారా చూశాను. పగిలిన పెంకుల్ని వానలకి ముందే సర్దించాలి. ఒక పెంకు సందులోంచి కారే నీరు వాసాన్ని, వాసం దూలాన్ని పాడుచేస్తుంది. అలాంటి కలప ఇప్పుడు కొనాలంటే మాటలు కాదు.

గోడ మీద, బీరువా వెనక నల్ల బూజు పట్టిన గదిలో ఆయాసం ఉన్నవాళ్లని, పసిపిల్లల్ని పడుకోబెట్టకండి. తడిసిన చోట బూజు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. తుడిచేటప్పుడు పొడిగా దులిపితే గదంతా ఎగురుతుంది. తడిపి, ముక్కుకి గుడ్డ కట్టుకుని తుడవాలి. బీరువాని గోడకి ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి. నీరు వచ్చే దారి మూయకుండా ఎన్నిసార్లు తుడిచినా అది మళ్లీ వస్తుంది.

రేకుల షెడ్డు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న తీరం దాటింది, హుద్‌హుద్ 2014లో అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మన ఉద్దానం మీదే పడింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అన్నీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. ఆగస్టులో ఒక మనిషిని ఎక్కించి, రేకుల్ని పట్టి ఉంచే కొక్కెం లాంటి జె-బోల్టులన్నీ చూపించండి. తుప్పు పట్టి సన్నబడ్డ బోల్టు గాలికి తెగుతుంది, తెగిన రేకు పక్కింటివాళ్ల మీదికి ఎగురుతుంది. ఎగిరిన రేకు ఏం చేస్తుందో తిత్లీ తర్వాత పలాస, వజ్రపుకొత్తూరు వైపు వెళ్లి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. బోల్టులు, రబ్బరు వాషర్లు మార్చడానికయ్యే ఖర్చు కొత్త రేకుల ఖర్చు ముందు ఎంత?

అన్నిటికంటే పెద్ద చిక్కు మనిషి దొరకడం. మన జిల్లా తాపీ మేస్త్రీలు హైదరాబాద్, విశాఖ, చెన్నై, ఇంకా దూరం కూడా పనికి వెళ్లిపోతారు. మా ఊళ్లో వరసకు మావయ్య అయ్యే మేస్త్రి ఒకాయన ఉన్నారు. శ్లాబు రిపేరు ఆయన చేసినంత శ్రద్ధగా చేసేవాళ్లని నేను చూడలేదు. ఆయన దొరికేది సంక్రాంతికి వచ్చినప్పుడు, లేదా ఊళ్లో అమ్మవారి పండగకి వచ్చినప్పుడు. "మావయ్యా, పండగయ్యాక ఒక వారం ఆగు" అని ముందే ఫోన్లో మాట్లాడుకుంటేనే పని అవుతుంది. వాన మొదలయ్యాక ఫోన్ చేస్తే "నానిక్కడ పెద్ద పనిలో ఉన్నాను రా" అంటారు, అది నిజమే. సంక్రాంతి తర్వాత నుంచి ఏప్రిల్ దాకా శ్లాబులు ఆరి ఉంటాయి, పూతలు పట్టుకుంటాయి, మనుషులూ దొరుకుతారు. పని ఆ నెలల్లోకి జరుపుకోండి.

చేతిలో డబ్బు ఒక్క పనికే ఉంటే కరెంటు లీకు. రెండో పనికి కూడా సరిపోతే మంచం మీదికి ఊడే పెచ్చు. ఆ తర్వాత మేడ మీద నీరు. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు. సిమెంటు మాత్రం పని మొదలయ్యే వారంలోనే కొనండి. మన తేమకి ఇంట్లో మూడు నెలలు దాటి ఉన్న బస్తా బలం తగ్గిపోయి ఉంటుంది. గడ్డలు కట్టినదైతే నలిపి వాడమని మేస్త్రి అన్నా ఒప్పుకోకండి.